ఫీచర్లు తగ్గించి ఫోన్‌ని పరిగెత్తించిన ఐఓఎస్ 12

అప్‌డేట్ అనగానే మనం వెతికేది ఫీచర్ల లిస్టే కదా! 2018లో యాపిల్ రోడ్‌మ్యాప్‌లో ఆ లిస్టుకే కోత పడింది. ఐఓఎస్ 11 బగ్‌లు అంతలా విసిగించాయి మరి. 2017 డిసెంబర్‌లోనైతే ఓ డేట్ బగ్ వల్ల చాలా ఐఫోన్లు పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. దాంతో హోమ్ స్క్రీన్ మార్పుల్ని వాయిదా వేశారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఐఓఎస్ 12లో పెద్దపీట స్పీడ్‌కే. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కీ అది వచ్చింది. ఐఫోన్ 6 ప్లస్‌లో లాక్ స్క్రీన్ నుంచి కెమెరా 70 శాతం వరకు, కీబోర్డ్ 50 శాతం వరకు త్వరగా వస్తాయని యాపిల్ చెప్పింది. నా లెక్కలో ఇది మంచి బేరమే. విడ్జెట్ లేకపోయినా రోజు గడుస్తుంది, కెమెరా లేటైతే ఫొటో పోయినట్టే. కాకపోతే హోమ్ స్క్రీన్ విడ్జెట్ల కోసం ఐఫోన్ వాళ్లు 2020లో ఐఓఎస్ 14 దాకా ఆగాల్సొచ్చింది. ఆండ్రాయిడ్ ఫ్రెండ్స్ ఆటపట్టించడం మాత్రం ఆపలేదు!