రానున్న మరపును ముందే తెలిసికొందుమా?

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్ననాటి మిత్రుడొకడు కనిపించెను. బడిపంతులు. వాని తల్లి కడపటి నాలుగేండ్లు కన్నకొడుకునే గుర్తింపలేక కన్నుమూసినది. "నాకు గూడ అట్లనే అయితదారా? నెత్తురు పరీక్షల తెలుస్తదంటున్నరు. చేయించుకోవాల్నా, వద్దా?" అని అడిగెను. ఎల్‌బీ నగర్ వరకు మెట్రోలో కలిసి వచ్చితిమి. నేను సమాధానము చెప్పలేకపోతిని.

భవిష్యత్తును తెలిసికొనవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. బిడ్డ పుట్టగానే జాతకము వ్రాయింతుము. గ్రహదోషమున్నచో శాంతి చేయింతుము. జన్యుదోషమునకు శాంతి యేది?

జన్యువులన్నియు ఒక్క తీరున పలుకవు. హంటింగ్టన్ వ్యాధి తల్లిదండ్రులలో ఒకరికున్నచో బిడ్డకు సంక్రమించుటకు సగము అవకాశము కలదు. దాని జన్యువు 1993లో దొరికెను. ఆ యన్వేషణకు పాటుపడిన అమెరికా శాస్త్రజ్ఞురాలు నాన్సీ వెక్స్‌లర్ తల్లి ఆ వ్యాధితోనే మరణించినది. తాను పరీక్ష చేయించుకొన్నదియు లేనిదియు నాన్సీ చాలకాలము బయట పెట్టలేదు. తనకును ఆ వ్యాధి కలదని 2020లో వెల్లడించినది.

అల్‌జైమర్ సంగతి వేరు. అపోఈ4 అను జన్యురూపము అపాయమును పెంచునే గాని తీర్పు చెప్పదు. అది యున్నను వ్యాధి రానివారు కలరు. లేకున్నను వచ్చినవారు కలరు. 2007లో తన జన్యుపటమును లోకమునకు విప్పి చూపిన జేమ్స్ వాట్సన్ సైతము ఈ యొక్క ఫలితమును మాత్రము తనకు చెప్పవద్దని కోరెను.

భాషోపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విషయమొకటి మన నగరముననే తేలినది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందము 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారిలో వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనదని 2013లో ప్రకటించెను. చదువురానివారిలోను ఆ భేదము కనిపించెను. భాష మందు కాదు. అయినను జన్యువే సర్వమును కాదని దీనివలన తోచుచున్నది.

శాపము తెలిసిన పరీక్షిత్తు మరణమును తప్పించుకొనలేదు. మిగిలిన యేడు దినములును భాగవతము వినెను. కావున అడుగవలసినది "తెలిసిన పిదప నేనేమి చేయుదును?" అని. సమాధానమున్నవాడు వైద్యుని సలహాతో పరీక్షకు పోవచ్చును. లేనివాడు వద్దనుట పిరికితనము కాదు.

ఆదివారము కొత్తపేటలోని వానియింటికి పోయి ఈ మాటయే చెప్పితిని. వాడు కొంతసేపు మౌనముగా నుండి, "బిడ్డకు సంబంధాలు చూస్తున్న. నా ఫలితం దాని మీద గూడ పడ్తది గద. ముందుగాల దాన్నే అడుగుత" అనెను.

నాకు తట్టని సంగతి అది.