హెచ్‌ఆర్ ఇవ్వలేదు, తీసుకోనూ లేదు

ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయిన రోజు ‘నాకు విలువే లేదు’ అనిపించిందా? క్యాంపస్‌లో వరసగా మూడు కంపెనీలు వద్దన్నప్పుడు నాకూ అనిపించింది. అప్పుడు ఈ పదం తెలిసుంటే బాగుండేది: ‘డిగ్నిటాస్’.

ఇంగ్లిష్ ‘డిగ్నిటీ’కి మూలమైన లాటిన్ నామవాచకమిది. ‘తగిన’ అనే అర్థమున్న ‘డిగ్నుస్’ నుంచి వచ్చింది. డిగ్నిటరీ, ఇండిగ్నేషన్, డిస్‌డెయిన్ కూడా ఆ కుటుంబమే. వొకాబులరీ ప్రశ్నలకు గుర్తుంచుకోండి.

రోమన్లకు డిగ్నిటాస్ అంటే పదవులు, విజయాలు, వంశంతో వచ్చే హోదా, పరపతి. పెరుగుతుంది, పోతుంది కూడా. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ సైన్యంతో రూబికాన్ నది దాటాడు. తన డిగ్నిటాస్ ప్రాణం కన్నా ముఖ్యమని తర్వాత రాసుకున్నాడు. అంతర్యుద్ధమే వచ్చింది!

ఇప్పటి డిగ్నిటీ అర్థం వేరు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి ఆర్టికల్ ప్రకారం అది పుట్టుకతోనే అందరికీ సమానం. మన రాజ్యాంగ పీఠిక కూడా వ్యక్తి గౌరవానికి హామీ ఇస్తోంది.

ప్యాకేజీ, హోదా రోమన్ల డిగ్నిటాస్ లాంటివి. వాటికోసం కష్టపడండి, తప్పులేదు. రిజెక్షన్ మెయిల్ ఆపగలిగేది వాటినే. రెండోది మాత్రం మీతోనే ఉంటుంది. తర్వాతి ఇంటర్వ్యూకి దాన్ని వెంటబెట్టుకుని తలెత్తుకు వెళ్లండి.