బోడకాకర: కాయని తీగ

శ్రావణమాసము వచ్చినదనగా, కాళేశ్వరమునకు పోవు దారిలో, మహాదేవపూరు అడవుల ప్రక్కన, గంపలు ముందుంచుకొని కూర్చున్న స్త్రీలు కనబడుదురు. గంపలలో పచ్చని చిన్న కాయలుండును. వాని ఒడలినిండ ముండ్లున్నను, చేతికి గ్రుచ్చుకొనవు. మన ప్రాంతమున వానిని బోడకాకరకాయలందురు. కోస్తా జిల్లాలలో ఆగాకరకాయలందురు. కాకరజాతిదే యైనను ఇందు కాకరచేదు లేదు. తొలకరి వానలతో తీగ మొలచును. వానకాలము గడచిన పిమ్మట ఎండిపోవును. నేలలోని గడ్డ మాత్రము మరల వాన వచ్చువరకు నిద్రించును. ఏడాదికి ఆ కొద్ది వారములే దీని రుచి. అందుచేతనే ధర యెంత పలికినను కొనువారు వెనుకాడరు.

ఇంత ప్రియమైన కూరను పెరటిలోనే పండించుకొనరాదా యని చాలమందికి తోచును. అట్లు తోచినవారిలో కాళేశ్వరమున గోదావరి రేవునకు సమీపమున నివసించు ఒక వృద్ధురాలు కలదు. ఆమె అడవినుండి రెండు గడ్డలు తెప్పించి పందిరి ప్రక్కన నాటినది. రెండును మొలచినవి. మొదటి సంవత్సరము ఒక తీగ కాయలు కాచినది. రెండవ తీగ పూవులు మాత్రమే పూచినది. మరుసటి సంవత్సరము నేను వారి యింటికి పోయినప్పుడు పందిరిపై ఒక్క తీగయే యున్నది. రెండవది యేమైనదని అడిగితిని. “అది గొడ్డుతీగ బిడ్డా, ఉత్తగ జాగ పట్టుకున్నదని పీకి పారేసిన” అని ఆమె చెప్పినది.

ఆ యేడు మిగిలిన తీగకు పిందెలు విరివిగానే కనబడినవి. కాని ఒక్కటియు నిలువలేదు. అన్నియు పసుపుబారి రాలినవి. ఆమె తెగులనుకొని బూడిద చల్లినది. దిష్టి తగిలినదనుకొని పందిరికి పాతచెప్పు కట్టినది. తెగులును లేదు, దిష్టియు లేదు. పెరికివేసినది గొడ్డుతీగ కాదు, మగతీగ. ఆ తీగ లేనందున రెండవదానికి సంతు లేకపోయినది.

సొర, బీర, గుమ్మడి మొదలగు తీగలయందు మగపూవులును, ఆడపూవులును ఒకే తీగకు పూచును. కనుక ఒక్క తీగ యున్నను కాయ కాయును. బోడకాకర అట్టిది కాదు. దీనిలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. ఈ భేదము మన పల్లెలకు కొత్తది కాదు. తాటిలో పోతుతాడు, పెంటితాడు అను మాటలు ఎరుగనివారెవరు? కల్లు రెండింటినుండియు వచ్చును. ముంజెలు పెంటితాటికే కాయును. బొప్పాయిలోను కాయని మగచెట్లు కలవు. తాటిచెట్టునందు తెలిసిన సంగతిని తీగయందు మరచితిమి, అంతియే.

శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు మొమోర్డికా డయోయికా యని పేరిడిరి. డయోయికా యనగా రెండిండ్లు గలదని భావము. ఆడ పూవుల దొక యిల్లు, మగ పూవుల దొక యిల్లు అన్నమాట. ఈ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గు, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు వెళ్లుటకు ముందు, మన తెలుగునాటనే సామర్లకోటలో తోట పెంచి మొక్కలను పరిశీలించినవాడు.

మొక్కలకు ఆడమగ భేదము కలదని ప్రయోగపూర్వకముగ చూపిన ఘనత జర్మనీ దేశపు కామెరారియస్ పండితునిది. ఆయన తన పరిశోధనలను 1694లో ఒక లేఖారూపమున ప్రకటించెను. ఆముదపు మొక్కనుండి మగపూవులను తీసివేసి చూచెను, గింజ కట్టలేదు. మొక్కజొన్న పీచును కోసివేసి చూచెను. కండె గింజ పట్టలేదు. గంజాయి జాతి మొక్కలోను ఆడమగలు వేరు వేరు. ఆయన ఆడమొక్కలను మగమొక్కలకు దూరముగ పెంచెను. అయినను కొన్ని గింజలు కట్టినవి. ఇది ఆయనను చాల కలవరపెట్టెను. ఆ మొక్క పుప్పొడి గాలిలో తేలి దూరము పోవును. ఒక్కొక్కప్పుడు ఆడమొక్కమీదనే కొన్ని మగపూవులు కూడ పుట్టును. కనుక దూరముగ నుంచుటయే దానికి చాలిన కట్టుబాటు కాదు. ఆ మొక్కను పెంచుట మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ననుసరించి, అనుమతి లేనిచో, శిక్షార్హమైన నేరము. ఇంటి పెరటిలో ఆడమగ మొక్కలను కలిపి విత్తనము కట్టించు విద్య నేర్వదలచినవారికి బోడకాకరకంటె మంచి గురువు లేదు. అది తినదగినది, అమ్మదగినది, మన అడవిది.

బోడకాకర పుప్పొడి గాలికి ఎగురునది కాదు. దీని పసుపుపచ్చని పూవులు ప్రొద్దుగ్రుంకు వేళ విచ్చుకొని సువాసన వెదజల్లును. చీకటిపడిన పిమ్మట తిరుగు రెక్కలపురుగులు ఆ వాసనకు వచ్చి, మగపూవుమీది పుప్పొడిని ఆడపూవునకు చేర్చును. అడవిలో ఈ పని ఎవరును చెప్పకయే జరిగిపోవును. ఊరి నడుమ, దీపముల వెలుగులో, ఒకటి రెండు తీగలు మాత్రమే యున్న పెరటిలో ఆ పురుగులు రాకపోవచ్చును. మందులు చల్లిన చేల ప్రక్కన సంగతి చెప్పనక్కరలేదు. అప్పుడు పురుగు చేయవలసిన పనిని మనమే చేయవలెను.

మొదట పూవులను గుర్తింపవలెను. ఆడపూవు మొగ్గగా నున్నప్పుడే, రేకుల క్రింద, నూగుతో కూడిన బుల్లి పిందె కనబడును. మగపూవునకు పిందె యుండదు. సన్నని కాడమీద, మొగ్గను ఆనుకొని, దొప్పవంటి చిన్న ఆకు ఉండును. మగపూవు నడుమ పుప్పొడి నంటియున్న కేసరములుండును. ఆడపూవు నడుమ కొద్దిగా జిగురుగల కీలాగ్రముండును. పుప్పొడి ఆ కీలాగ్రమును చేరి, మొలచి, సన్నని నాళమువలె పిందెలోనికి దిగినప్పుడే లోపల విత్తులు ఏర్పడును. విత్తులు ఏర్పడనిచో తల్లితీగ ఆ పిందెను పోషింపదు, విడిచివేయును. ఆ వృద్ధురాలి పందిరి క్రింద రాలినవి ఇట్టి పిందెలే.

ఇక పని చేయు విధానము. ఆ సాయంకాలము విచ్చుకొనబోవు మొగ్గలు బాగుగ ఉబ్బి, కొనయందు పసుపురంగు చూపును. మధ్యాహ్నముననే అట్టి ఆడమొగ్గలకు పలుచని గుడ్డసంచినో, కాగితపు సంచినో తొడిగి కాడవద్ద వదులుగ కట్టవలెను. మగమొగ్గలకును అట్లే తొడుగవలెను. కూరకు మాత్రమే కాయలు కావలసినవారికి ఈ సంచులతో పని లేదు. ఏ తల్లికి ఏ తండ్రి పుప్పొడి చేరినదో తెలిసిన విత్తనము కావలసినచో సంచి తప్పదు. పురుగు మనకంటె ముందుగ వచ్చి మరియొక తీగ పుప్పొడిని అంటించిపోకుండ అది కాపాడును.

పూవులు విచ్చుకొన్న వెంటనే మగపూవును కాడతో త్రుంచి, రేకులను వెనుకకు మడచి, కేసరములను ఆడపూవు కీలాగ్రమునకు రెండు మూడు మారులు మృదువుగ తాకింపవలెను. ఒక మగపూవు రెండు మూడు ఆడపూవులకు చాలును. పిమ్మట సంచిని మరల తొడిగి, కాడకు రంగుదారము కట్టి గుర్తుంచుకొనవలెను. మూడవనాటికి పూవు వాడిపోవును. అప్పుడు సంచి తీసివేయవచ్చును. పిందె పచ్చగ నిలిచి లావెక్కినచో పని ఫలించినట్లు. పసుపుబారినచో మరియొక పూవుతో మరల ప్రయత్నింపవలెను.

వాన ఈ పనికి ఆవశ్యకమును, ఆటంకమును గూడ. తడిసిన పుప్పొడి పనికిరాదు. మబ్బు పట్టిన దినమున, విచ్చుకొనబోవు మగమొగ్గలను కాడతో కోసి ఇంటిలో నీటిగిన్నెయందుంచిన మంచిది. అవి అక్కడనే విచ్చుకొనును. వాన తెరిపి యిచ్చినప్పుడు ఆడపూవుకడకు తీసికొనిపోవచ్చును. మరియొక హెచ్చరిక: బెంగాలు వైపున విరివిగా పండించు పెద్దకాయ రకము వేరు జాతి, దాని పూవులు తెల్లవారుజామున విచ్చుకొనును. కావున తీగ ఎక్కడినుండి వచ్చినదో తెలియనివారు ముందుగ రెండు మూడు దినములు అది పూచు వేళను కనిపెట్టి చూడవలెను.

కూరకు కాయను లేతగనే కోయుదుము. విత్తనమునకు అట్లు కోయరాదు. కాయ తీగమీదనే పండి, నారింజరంగునకు తిరిగి, తనంతట తాను పగులవలెను. లోపల ఎర్రని గుజ్జులో నల్లని గింజలుండును. ఆ ఎరుపును చూచి పక్షులు వచ్చును. కావున రంగు తిరుగుచుండగనే గుడ్డ చుట్టవలెను. గింజలను నీటిలో పిసికి గుజ్జు పోవునట్లు కడిగి, నీటిపై తేలు తాలుగింజలను పారవేసి, మునిగినవానిని నీడలో ఆరబెట్టవలెను. బాగుగ ఆరిన గింజలను బూడిదతో కలిపి సీసాలోగాని, మట్టికుండలోగాని దాచవచ్చును.

కొత్తగింజ వెంటనే మొలవదు. దానికి కొన్ని నెలల నిద్ర కలదు. వానకాలమున కట్టిన గింజ మరుసటి తొలకరివరకు ఆగుట దాని స్వభావము; ఎండకాలమున మొలచినచో మొలక బ్రతుకునా? పెంకును గట్టిదే. విత్తుటకు ముందు కొన కొంచెము చిట్లునట్లు మెల్లగ నొక్కి, ఒక రాత్రి నీటిలో నానబెట్టిన త్వరగ మొలచును.

గింజనుండి వచ్చిన మొలక ఆడదో మగదో పూవు పూచువరకు తెలియదు. సుమారు సగము మగవి కావచ్చును. అందుచేత ఒక్కొక్క పాదులో మూడు నాలుగు గింజలు వేసి, పూవులు చూచిన పిమ్మట ఎనిమిది, పది ఆడతీగలకు ఒక మగతీగచొప్పున ఉంచుకొని, మిగిలిన మగవానిని తీసివేయవలెను. అన్నింటిని తీసివేయరాదు. గడ్డ నాటినచో ఈ సందేహము లేదు. ఆడతీగ గడ్డ ఆడతీగనే ఇచ్చును, మగతీగ గడ్డ మగతీగనే ఇచ్చును.

అట్లయిన గింజతో ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. అడవిలో గడ్డను త్రవ్వి తెచ్చినచో అక్కడ ఆ తీగ అంతరించినట్లే. కాయ కోసికొన్నవాడు మరుసటి యేడు మరల కోసికొనగలడు; గడ్డ త్రవ్వినవాడు కోసికొనలేడు. గంపతో దారిప్రక్కన కూర్చున్న స్త్రీ వానకాలపు సంపాదన ఆ గడ్డపై ఆధారపడియున్నది. పైగా ఒక గడ్డనుండి వచ్చిన తీగలన్నియు ఒకే గుణము గలవి. ఒకదానికి తగిలిన తెగులు అన్నింటిని పట్టవచ్చును. గింజలనుండి వచ్చినవి తోబుట్టువులవలె వేరు వేరు గుణములు గలవి. వానిలో బాగుగ కాచుదానిని ఏరుకొని, పిమ్మట దాని గడ్డను మన పెరటిలోనే పెంచుకొనవచ్చును.

ఆ వృద్ధురాలికి మరుసటి తొలకరికి బంధువుల యింటినుండి ఒక మగతీగ గడ్డ దొరకినది. శ్రావణమున ఆమె మనుమరాలు సంధ్యవేళ దీపము పట్టుకొని పందిరిక్రింద నిలువగా, ఆమెయే తన చేతులతో పూవునకు పూవు తాకించినది. దారము కట్టిన తొమ్మిది పిందెలలో ఆరు నిలిచినవి. నాలుగింటిని కూరకు కోసికొని, రెండింటిని విత్తనమునకు విడిచినది. ఇప్పుడామె కాయని తీగకును నీరు పోయుచున్నది.

శ్రోతలలో ఎవరి పందిరిపైననైనను కాయని బోడకాకర తీగ యున్నచో, దానిని పెరుకుటకు ముందు ఒక్క సాయంకాలము దాని పూవు క్రింద చూడుడు. పిందె లేనిచో అది మగతీగ. దానిని ఉండనిండు.