గర్భసంచి తీయించే ముందు



వ్యవసాయశాఖ వారికి ఆడవారి జబ్బులతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. పని ఉన్నది. నాట్లు, కలుపుతీత, పత్తితీత, మిరపకోత చాలావరకు ఆడవారి చేతులమీదనే నడుస్తున్నవి. ఆపరేషన్ ఖర్చుకు పాడిగేదెను అమ్మడం, రాబోయే పంటమీద అప్పు తేవడం కూడా మనం చూస్తున్నదే. కావున ఇది రైతు కుటుంబం అంతా ఆలోచించవలసిన విషయం. వైద్యం చేయవలసినది డాక్టరుగారే. ఆ డాక్టరుగారిని మనం ఏమి అడగాలో తెలుసుకొనుటకే ఈ ప్రసంగం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. అంటే దేశపు సగటుకు రెండు రెట్లు మించినది. దేశంలో ఈ ఆపరేషన్ అయినవారిలో సుమారు సగంమందికి 35 ఏళ్లు నిండకముందే అయినది. 2019-21 సర్వే నాటికీ పరిస్థితి పెద్దగా మారలేదు.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా సంగతి మరీ బాధాకరం. అక్కడి కుటుంబాలు చెరకు కోతకు వలసపోతాయి. భార్యాభర్తలను ఒక జతగా లెక్కించి ముందే బయానా ఇస్తారు. ఒక్కరోజు పని మానితే జరిమానా. ముట్టు రోజుల్లో పని పోతుందని ఎందరో స్త్రీలు గర్భసంచినే తీయించుకొన్నారు. 2019లో ప్రభుత్వ కమిటీ 82 వేలమందికి పైగా స్త్రీలను విచారించగా, 13 వేలకు పైగా స్త్రీలకు ఈ ఆపరేషన్ అయినట్లు తేలింది.

మన ఊళ్లలో జరిగేది వేరు. తెల్లబట్ట అవుతోందనో, నడుము లాగుతోందనో వెళతారు. స్కానింగ్ తీస్తారు. "సంచికి పుండు పడింది, వాచింది, తీయకపోతే కాన్సరు అవుతుంది" అనే మాట వినబడుతుంది. "పిల్లలు పుట్టారు, కుటుంబనియంత్రణ అయింది, ఇక ఆ సంచి ఎందుకు?" అని ఇంట్లోవారూ అంటారు. ఇక్కడే ఆగవలెను.

వరి ఆకు ఎర్రబడితే చేను దున్నివేస్తామా? జింకు లోపమా, పురుగా, తెగులా అని చూసి, దానికి తగిన మందు వేస్తాము. ఒంటికీ అదే పద్ధతి.

తెల్లబట్ట కొద్దిగా, వాసన లేకుండా కావడం సహజమే. దుర్వాసన, దురద, రంగు మార్పు ఉంటే అది చాలావరకు సూక్ష్మక్రిముల వల్ల వచ్చినది, మాత్రలతో నయమవుతుంది. కొన్నింటికి భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. తెల్లబట్ట తానుగా కాన్సరుగా మారదు. నడుమునొప్పి చాలామందికి వంగి నాట్లు వేయడం వల్ల, మోపులు ఎత్తడం వల్ల వచ్చేదే. సంచి తీసినా అది పోదు.

ముట్టు ఏడు రోజులకు మించినా, గంటగంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్ చేయించాలి. రక్తస్రావం తగ్గించే మాత్రలు, హార్మోను మాత్రలు, కొన్నేళ్లపాటు పనిచేసే హార్మోను లూప్ ఉన్నవి. రక్తం తగ్గినవారికి ఐరన్ మాత్రలు తప్పనిసరి.

గర్భసంచిలో గడ్డలు అనగానే భయపడవద్దు. వాటిలో అత్యధికం కాన్సరు గడ్డలు కావు. చిన్నవై, బాధ లేకపోతే కనిపెట్టి ఉంటే చాలు; ముట్లు ఆగిన తరువాత చాలావరకు కుంచించుకుపోతాయి. అవసరమైతే సంచిని ఉంచి గడ్డ ఒక్కటే తీసే వీలున్నది. సంచి జారిన తొలిదశలో కండరాలకు వ్యాయామాలు, లోపల అమర్చే రింగు ఉపకరిస్తాయి.

తొందరపడి తీయిస్తే నష్టమేమిటంటారా? చిన్నవయస్సులో అండాశయాలు కూడా తీసివేస్తే ముట్లుడిగిన లక్షణాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. ఒళ్లు ఆవిర్లు, నిద్రలేమి మొదలవుతాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతాయి. అండాశయాలు ఉంచినా, అవి కొన్నేళ్లు ముందుగా పని మానవచ్చు.

అయితే ఆపరేషన్ ఎప్పుడూ వద్దని దీని అర్థం కాదు. కాన్సరు తేలినా, మందులకు లొంగని రక్తస్రావమైనా, పెద్ద గడ్డలు నొక్కి బాధిస్తున్నా, కాన్పులో ప్రాణాపాయమైనా ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పుడు జాగు చేయరాదు. ముట్లు ఆగిన తరువాత రక్తం కనబడినా, భార్యాభర్తల కలయిక తరువాత కనబడినా వెంటనే వెళ్లాలి. 30 ఏళ్లు దాటిన స్త్రీలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలో గర్భాశయ ముఖద్వారానికి కాన్సరు పరీక్ష చేయించుకొనవలెను.

డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు అడగండి:

1. జబ్బు పేరేమిటి, ఏ పరీక్షలో తేలింది?
2. ముందు మందులతో ఎంతకాలం చూడవచ్చు?
3. ఇప్పుడే ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది?
4. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?

జవాబు విని, కాగితాలు తీసుకొని, ప్రభుత్వ ఆసుపత్రిలో మరొక స్త్రీ వైద్యనిపుణుని అభిప్రాయం అడగండి. అలా అడగడం తప్పు కాదు, మీ హక్కు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టుటకు కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలు వాటిని అమలుపరచవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

కార్యకర్తలకు ఒక మనవి. మహిళాసంఘం సమావేశానికి నర్సమ్మగారిని, ఆశా కార్యకర్తను పిలిచి ఈ నాలుగు ప్రశ్నలు అందరిచేతా చెప్పించండి. రైతు సోదరులారా, ఇంటి ఇల్లాలు నొప్పి అని చెప్పిన రోజునే వెంట వెళ్లండి. ముదిరేదాకా ఆగి, ఆపైన ఒక్కరోజులో కోయించుకు రావడం మంచి వైద్యమూ కాదు, మంచి సేద్యమూ కాదు.

ఇక సెలవు.