ఎముక పట్టాలి, క్రిమి పట్టకూడదు

పన్ను ఊడిన చోట దవడలో స్క్రూ దించి, దానిమీద కొత్త పన్ను కట్టే వైద్యం ఇప్పుడు మన పక్కలా మామూలైపోయింది. ఒక్క పంటికే వేలల్లో ఖర్చు. "ఇది సాదా రకం, ఇది మంచి సర్ఫేస్ రకం" అని డాక్టరు రెండు ధరలు చెప్తే మనవాళ్లు తల ఊపి వచ్చేస్తారు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాళ్లు ఇంకేం అడుగుతారు! ఆ సర్ఫేస్ సంగతేమో చూద్దాం.

స్క్రూ టైటానియం లోహం. మనకు దూరపు వస్తువేమీ కాదు. కన్యాకుమారి పక్క మణవాళకురిచ్చిలో, కేరళ చవరాలో సముద్రపు ఒడ్డు నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఖనిజం ఉండాది. టైటానియం దానిలోంచే వస్తాది. చవరాలో 2011లో మొదలైన టైటానియం స్పాంజి కర్మాగారానికి విద్య ఇచ్చింది హైదరాబాదులోని డి.ఎం.ఆర్.ఎల్. పరిశోధనశాల.

ఈ లోహానికీ ఎముకకీ పొత్తు కుదురుతుందని కనిపెట్టింది స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్. 1952లో కుందేలు కాలి ఎముకలో పరిశోధనకని పెట్టిన టైటానియం గొట్టాన్ని పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని కరుచుకుని ఉంది. 1965లో యోస్టా లార్సన్ అనే ఆయన దవడలో స్క్రూలు దించినారు. 2006లో ఆయన పోయేదాకా, నలభై ఏళ్లు, అవి పనిచేసినాయి.

ఆ కాలపు స్క్రూ లేత్‌లో కోసిన నున్నటిది. ఎముక పట్టేదాకా కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగాలి. 1990లలో గట్టి రాతిపొడి వేగంగా ఊది, ఆ తర్వాత ఆమ్లంలో ముంచి గరుకు చేసిన స్క్రూలు వచ్చినాయి. ఎముక మంచిగా ఉంటే ఆరు వారాలకే పన్ను కట్టొచ్చు.

గరుకు ఏం చేస్తుందో మిల్లులో పనిచేసేవాళ్లకు చెప్పాలా? నున్నటి పైపుమీద దూది నిలవదు, గరుకు తగిలిన చోట పోగు చిక్కుకుంటాది. స్క్రూ దించగానే చుట్టూ నెత్తురు గడ్డకట్టి సన్నటి దారాలల్లుతుంది. ఆ దారాలు గరుకును గట్టిగా పట్టుకుంటాయి, ఎముక కట్టే కణాలు వాటిమీద పాకి లోహం దాకా వస్తాయి.

చిక్కు ఇక్కడే ఉండాది. ఎముక కణం వెడల్పు దాదాపు ఒక దూది పోగంత, ఇరవై మైక్రాన్లు. నోటి క్రిమి ఒక్క మైక్రాను. ఒకటి రెండు మైక్రాన్ల గుంట కణానికి కాలు మోపే చోటు, క్రిమికి మాత్రం తలుపున్న ఇల్లు. బ్రష్షు అక్కడికి పోదు. ముందు కణం పట్టిందా, క్రిమి పట్టిందా అనే ఈ పోటీని 1987లో గ్రిస్టినా అనే అమెరికా డాక్టరు పరుగు పందెంతో పోల్చినారు.

అందుకని చాలా కంపెనీలు ఎముకలోకి పోయే భాగాన్ని గరుకుగా, చిగురు దగ్గరి మెడను నున్నగా చేస్తాయి. గరుకు 0.2 మైక్రానుకు దిగితే చాలు, ఇంకా మెరుగుపెట్టినా క్రిములు తగ్గవని తేలింది. అద్దంలా మెరిసేదానికి ఎక్కువ డబ్బెందుకు మరి?

వెండి పూత, సన్నటి గొట్టాల పూత అంటూ కొత్తవి వస్తాండాయి. గిన్నెలో ఒక జాతి క్రిమితో చేసిన పరీక్ష వేరు, వందల జాతులు కాపురముండే నోరు వేరు. పైగా ఏ పూత మీదైనా నిమిషాల్లో ఎంగిలి పొర కమ్ముకుంటుంది. "క్రిమి పట్టనే పట్టదు" అనే మాటకు నేనైతే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను.

ఎముక తరిగి గరుకు భాగం బయటపడితే మళ్లీ శుభ్రం చేయడం చాలా కష్టం. నొప్పి కూడా తెలియకపోవచ్చు. చిగురు నుంచి నెత్తురు, చీము వస్తే ఆగొద్దు. నైట్ షిఫ్ట్ బీడీ, అదుపులేని షుగరు రెండూ క్రిమి పక్షమే. స్క్రూ వేయించుకోకముందే డాక్టరుకు అవి చెప్పాలి, తర్వాత ఎన్ని నెలలకొకసారి శుభ్రం చేస్తారో, దానికెంతో అడగాలి.

పెట్టెమీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. అడిగి తీసుకుని ఫైలులో అతికించుకోండి. పదేళ్లకు లోపలి మర వదులైతే, ఏ కంపెనీదో తెలియక, దానికి సరిపడే స్క్రూడ్రైవరు దొరక్క వేరే ఊరి డాక్టరు తడుముకుంటాడు.