ఆరు గంటల ఆకలి

బస్సు దిగేసరికి సాయంత్రం ఆరవుతుంది. తణుకు బస్టాండు నుంచి మా వీధికి తిరిగే మలుపులో ఒక బజ్జీల బండి ఉంది. బండి కంటబడక ముందే వాము వాసన తగులుతుంది. దాన్ని నడిపే ఆవిడకు నా బస్సు టైము తెలుసు. నన్ను చూడగానే మూకుట్లోంచి పునుగులు చిల్లుల గరిటెతో పైకెత్తి, నూనె ఓడ్చి, “టీచరు గారూ, వాయి ఇప్పుడే దించాను” అంటుంది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఇవాళ ఆగకూడదని గట్టిగానే అనుకునేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి కూడా ఆ మాట మీదే ఉండేదాన్ని. ఆరింటికి మాత్రం కాళ్ళు బండి దగ్గరే ఆగేవి.

ఏళ్ళ తరబడి ఇదే వరస. పునుగులు ఒక పొట్లం, ఇంటికెళ్ళాక టీతో పాటు అత్తయ్య చేసిన జంతికలు, వంట చేస్తూ డబ్బాలోంచి గుప్పెడు వేరుశనగపప్పు, తొమ్మిదిన్నరకి మళ్ళీ అన్నం. పగలంతా పక్షిలా తిని, చీకటి పడే వేళకి ఆపుకోలేకపోయేదాన్ని.

నాకు 49 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కిందటేడు జూన్‌లో బడులు తెరిచే ముందు పరీక్షలు చేయించుకుంటే బరువు 71 కిలోలు, నడుం చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, మూడు నెలల షుగర్ సగటు 6.1 అని వచ్చింది. ఆ సగటు 6.5కి చేరితే డయాబెటిస్ అంటారు. 5.7 దాటిందంటే దాని గుమ్మంలో నిలబడ్డట్టే. డాక్టరు గారు కాగితం చూసి, “నోరు కట్టుకోండమ్మా, అదే తగ్గుతుంది” అని తర్వాతి పేషెంటును పిలిచారు.

ఆ మాట చాలా రోజులు నన్ను బాధపెట్టింది. మన వైపు లావుగా ఉన్న ఆడమనిషికి పెళ్ళిలోనైనా, బస్సులోనైనా, ఆస్పత్రిలోనైనా దొరికే సలహా అదొక్కటే. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 100 మంది స్త్రీలలో 36 మంది ఉండాల్సిన దానికంటే బరువున్నారు. తెలంగాణలో 30 మంది. ఇంతమందికి ఒకేసారి నోరు అదుపు తప్పిందా? పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం చెప్పే మనిషిగా ఆ మాటను నేను ఒప్పుకోలేకపోయాను. అయినా ముందు డాక్టరు గారు చెప్పినట్టే చేసి చూశాను.

పొద్దున టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం సగం చేశాను. మొదటి నెలలో రెండు కిలోలు తగ్గి సంతోషపడ్డాను. రెండో నెల వచ్చేసరికి సాయంత్రాలు భరించలేనట్టుగా తయారయ్యాయి. బస్సులో కూర్చుంటే శోష వచ్చినట్టుండేది. బండి దగ్గర ఒక పొట్లం బదులు రెండు పొట్లాలు. మూడో నెలాఖరుకి తగ్గిన రెండు కిలోలూ తిరిగొచ్చి, పైన ఇంకో కిలో చేరింది. ఆ రాత్రి తూకం యంత్రం మీద నుంచి దిగి, ఇంక నా వల్ల కాదని మంచం మీద కూలబడ్డాను.

తర్వాత ఒక ఆదివారం పాత పదో తరగతి పుస్తకం సర్దుతుంటే గ్రీలిన్, లెప్టిన్ పాఠం కంటబడింది. ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠమే. జీర్ణాశయం ఖాళీ అయినప్పుడు దాని గోడల నుంచి గ్రీలిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి, ఆకలేస్తోందని మెదడుకు చెబుతుంది. ఒంట్లోని కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ ‘నిల్వ ఉంది, ఇక చాలు’ అని చెబుతుంది. లెప్టిన్ సంగతి 1994లో అమెరికాలో, గ్రీలిన్ సంగతి 1999లో జపాన్‌లో బయటపడ్డాయి. నల్లబల్ల మీద బొమ్మ గీసి, బాణాలు వేసి, ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో! నా పొట్టలోనూ జరిగేది అదేనని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

ఆ ఆదివారం నుంచి ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. నన్ను అన్నిటికంటే కదిలించింది 2013లో అమెరికాలోని బోస్టన్ నుంచి వెలువడిన ఒక పరిశోధన. 12 మందిని పగలూ రాత్రీ తెలియని మసక వెలుతురు గదుల్లో ఉంచి, ఎప్పుడెప్పుడు ఎంత ఆకలేస్తోందో అడుగుతూ వచ్చారు. ఏం తిన్నారు, ఎప్పుడు నిద్రపోయారు అన్న వాటి ప్రభావాన్ని విడదీసి చూస్తే, ఒంట్లో ఉన్న గడియారం తన పని తాను చేస్తూనే ఉందని తేలింది. ఆకలి బాగా తక్కువగా ఉండేది ఉదయం ఎనిమిది ప్రాంతంలో, బాగా ఎక్కువయ్యేది రాత్రి ఎనిమిది ప్రాంతంలో. తీపి మీద, ఉప్పు మీద, పిండి పదార్థాల మీద మనసు పోవడం కూడా సాయంత్రం వేళకే పెరిగింది. అది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పొద్దున ఏడున్నరకి నేను చేసుకున్న నిర్ణయం ఆకలి లేని మనిషి చేసుకున్నది. దాన్ని నిలబెట్టాల్సింది ఆరింటికి బస్సు దిగిన ఇంకో మనిషి.

దాంతో ఒక నోటుపుస్తకం పెట్టాను. సాయంత్రం ఏం తిన్నానో రాసి, ఆ పక్కనే ఆ పగలు ఏం తిన్నానో రాశాను. మూడు వారాలు రాసేసరికి చిన్నపిల్లలకైనా అర్థమయ్యేంత తేటగా కనిపించింది. రెండు ఇడ్లీలు నిలబడి మింగి, మధ్యాహ్నం గోంగూర పచ్చడి, మజ్జిగతో సరిపెట్టుకున్న రోజుల్లో బండి దగ్గర తప్పకుండా ఆగాను. పెసరట్టు తిని, క్యారేజీలో ముద్దపప్పు, కూర, ఉడికించిన గుడ్డు పెట్టుకున్న రోజుల్లో బండి దాటి వచ్చిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. మా బడిలో మధ్యాహ్న భోజనంలో పిల్లలకు గుడ్డు పెడతారు. తినని పిల్లను బతిమాలి తినిపిస్తాను. నా క్యారేజీలో మాత్రం అన్నేళ్ళూ అన్నం, పచ్చడి. ఇంట్లో అందరికీ వడ్డించాక గిన్నెలో పప్పు ఎంత మిగిలిందో దాన్ని బట్టి నా భోజనం ఉండేది. ఎంతోమంది ఆడవాళ్ళ సాయంత్రపు ఆకలి పుడుతున్నది ఇక్కడేనని నాకు గట్టి నమ్మకం.

మాంసకృత్తులు ఉన్న తిండి పొట్టలో ఎక్కువసేపు నిలుస్తుంది, ఆకలిని అణుస్తుంది. మన భోజనంలో తక్కువయ్యేది అదే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. గోదావరి జిల్లాల కంచంలో అన్నం గుట్టకీ, దాని పక్కనున్న పప్పుకీ ఉన్న తేడా చూస్తే మనం దానికి ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. అన్నం మానమని నేననను. నేనూ మానలేదు. ముందు పప్పూ కూరా వడ్డించుకుని, తర్వాత అన్నం పెట్టుకుంటున్నాను.

నూనె సంగతి కూడా కళ్ళారా చూడాలనిపించింది. ఒక సెలవు రోజున ఇంట్లోనే పునుగులు వేశాను. మూకుట్లో పోయకముందు నూనె తూచాను. 24 పునుగులు వేయించి, నూనె చల్లారాక గరిటెకు, పళ్ళేనికి అంటినదంతా గీకి మళ్ళీ తూచాను. 60 గ్రాములు తగ్గింది. గ్రాము నూనెకు 9 క్యాలరీలు. అంటే పిండి లెక్క వదిలేస్తే ఒక్క నూనెలోనే 540 క్యాలరీలు ఆ పునుగుల్లోకి చేరాయి. నేను బండి దగ్గర తినే ఎనిమిది పునుగులకు నూనె వాటా 180. అరగంట చురుగ్గా నడిస్తే నా బరువు మనిషికి 130 దాకా ఖర్చవుతాయి. మా వారు పక్కనే నిలబడి లెక్క చూసి, ఏమీ అనకుండా రెండు పునుగులు వెనక్కి పళ్ళెంలో పెట్టేశారు.

బరువు లెక్కలో మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె నాకు 29.5. పాశ్చాత్యులకు 30 దాటితే ఊబకాయం. మనకు 25కే. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరికీ ఆ అంకె ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూపుకి సన్నగా ఉన్నా లోపల కొవ్వు పేరుకునే తీరు మనది. అందుకే నడుం కొలత ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకుండా చూసుకోమంటారు. ఇంట్లో టైలరు టేపు ఉంటే చాలు.

ఇక జంతికల డబ్బా. అత్తయ్యకు 74 ఏళ్ళు. నెలకోసారి బియ్యప్పిండి, మినప్పిండి కలిపి, వెన్న వేసి పిసికి, జంతికల గొట్టంతో తనే వత్తుతారు. ఆ డబ్బా పొయ్యి పక్క గట్టు మీద, చెయ్యి చాస్తే అందేలా ఉండేది. నేను దాన్ని అటక మీద పెట్టించాను. మర్నాడు ఆవిడ నాతో మాట్లాడలేదు. రాత్రి కంచాలు కడుగుతుంటే వెనకాల నిలబడి, “నేను చేసినవి చేదయ్యాయా అమ్మాయ్?” అన్నారు. చేతులు తుడుచుకుని, ఆవిడ పక్కన కూర్చుని, నా రిపోర్టు చూపించి, నోటుపుస్తకంలోది చదివి వినిపించాను. మామయ్య గారు షుగరుతో కాలి వేలు పోగొట్టుకున్న ఇల్లు ఇది. ఆవిడకు నేను చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. “మరి ఆకలితో వచ్చే మనిషి ఏం తింటుంది?” అని మాత్రం అడిగారు. అన్నిటికంటే అసలైన ప్రశ్న అదే. అంతవరకు నాకు ఏది తినకూడదో చెప్పినవాళ్ళే గానీ ఏం తినాలో అడిగినవాళ్ళు లేరు.

అప్పటి నుంచి రాత్రుళ్ళు శనగలు నానబోస్తున్నారు. పొద్దున ఉడికించి, నేను వచ్చే వేళకి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోత వేసి గుగ్గిళ్ళు చేస్తారు. ఒక్కోరోజు పెసలు, అలసందలు. పైన పచ్చికొబ్బరి తురుము కొంచెం. అది గిన్నెలో పెట్టుకుని, టీవీ ఆపి, కుర్చీలో కూర్చుని తింటాను. నడుస్తూ, ఫోను చూస్తూ తింటే ఎంత తిన్నదీ మనసుకి పట్టదు. నోటుపుస్తకంలో రాయడం మర్చిపోయినవి కూడా అలాంటి రోజుల లెక్కలే. నాలుగు గంటలకు బడిలో వేయించిన శనగలు గుప్పెడు, మజ్జిగ ఒక గ్లాసు పుచ్చుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను. బస్సు దిగేటప్పటికి శోష లేకుండా ఉండటానికి ఇది చాలా పనిచేసింది. రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి మార్చాం. దీనికి ఇంట్లో అందరినీ ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

నిద్ర విషయంలో ఇంకా వెనకబడే ఉన్నాను. షికాగోలో 2004లో 12 మంది కుర్రాళ్ళను వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, బాగా నిద్రపోయినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తక్కువగా, గ్రీలిన్ 28 శాతం ఎక్కువగా ఉన్నాయి. పరీక్ష పేపర్లు దిద్దే వారాల్లో నా సాయంత్రాలు ఎందుకు అంత కష్టమవుతాయో దీనితో అర్థమైంది.

పద్నాలుగు నెలల తర్వాత నా బరువు 66 కిలోల 500 గ్రాములు. నడుం 88. షుగర్ సగటు 5.8. తగ్గింది నాలుగున్నర కిలోలేనా అని బంధువులు అంటారు. చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ గుమ్మంలో ఉన్నవారికి తిండి, నడక మార్పించి 2006లో ఫలితాలు చెప్పింది. వారిలో డయాబెటిస్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. కాబట్టి నా నాలుగున్నర కిలోలు నాకు విలువైనవి.

ఇప్పుడు రెండు నెలలుగా ముల్లు అక్కడే ఆగిపోయింది. దీనికీ కారణం ఉంది. బరువు తగ్గే కొద్దీ ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన లెక్క ప్రకారం కిలో తగ్గితే రోజు ఖర్చు ఓ 20, 30 క్యాలరీలు పడిపోతుంది, ఆకలి మాత్రం 100 క్యాలరీల మేర పెరుగుతుంది. ఆకలి అన్ని రెట్లు లాగుతోందన్నమాట. తగ్గిన బరువు నిలుపుకోలేకపోయినవాళ్ళను చూసి ‘మళ్ళీ మొదలుపెట్టింది తిండి’ అనేవాళ్ళకు ఈ ఒక్క లెక్క ఎవరైనా చెప్పాలని నా కోరిక.

మొన్న శుక్రవారం పెద్ద వాన. దారిలో చెట్టు పడి బస్సు గంటన్నర ఆగిపోయింది. నాలుగింటికి తినాల్సిన శనగలు ఆ రోజు మర్చిపోయాను. ఏడున్నర దాటాక తడుస్తూ దిగాను. బండి మీద పట్టా కప్పి, దాని కింద ఆవిడ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. ఆరు బజ్జీలు తిన్నాను, నిలబడి, వేడి చూసుకోకుండా.

ఇంటికొచ్చేసరికి గుగ్గిళ్ళ గిన్నె మీద పళ్ళెం మూత పెట్టి ఉంది. అత్తయ్య తన వాటా కూడా తినకుండా కూర్చున్నారు. నా చీర కొంగు దగ్గర నూనె మరక ఆవిడ చూశారు. తువ్వాలు చేతికిచ్చి, “బస్సు ఆలస్యమైందా?” అన్నారు. నోటుపుస్తకం తీసి ఆరు బజ్జీలు అని రాసి, పక్కన ‘నాలుగింటికి ఏమీ లేదు’ అని రాశాను. వంటింట్లోంచి గిన్నెలో శనగలు పోస్తున్న చప్పుడు వినిపించింది. రేపటికి నానబోస్తున్నారు.