గోలు ముంగిట కావలి

ఫుట్‌బాల్ ఆటలో గోలు చేసినవాని పేరు ఊరంతయు చెప్పుకొనును. గోలు కాకుండ అడ్డినవానిని తలచువారరుదు. హైదరాబాదు వాడైన సయ్యద్ ఖాజా అజీజుద్దీన్ అట్టి ఫుల్‌బ్యాక్. ఎదుటివారి త్రోవ మళ్లించి, బంతిని తన కాలికి వశపరచుకొని తనవారికందించుట ఆయన పని. హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో శిక్షకుడు రహీమ్ యొద్ద ఆయన ఆరితేరెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు ఏటేట రోవర్సు కప్పు గెలిచెను.

1952 హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా మనపై 10 గోలులు చేసెను. మనవారు చేసినది ఒక్కటే. మనవారు పలువురు ఉత్తకాళ్లతో ఆడిన ఆట అది. గోలు ముంగిట నిలిచినవానికి ఆ దినము ఎంత దుస్సహమో ఊహింపుడు! ఐనను ఆయన ఆట విడువలేదు.

1956లో మెల్బోర్ను వెళ్లిన జట్టులోను ఆయన ఉండెను. ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి మనవారు సెమీఫైనలు చేరిరి. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. మొదటి గోలు మనదే! పిదప ఓడితిమి గాని, ఈసారి యుగోస్లావియాకు దక్కినవి నాలుగు గోలులే.